ఎండ రాని బాల్కనీలో మెంతికూర

ప్రశ్న: మా ఫ్లాట్ బాల్కనీకి ఎండ రాదు. 5 మీటర్ల తెల్ల ఎల్ఈడీ స్ట్రిప్‌ను ప్లైవుడ్ చెక్కకు మెలికలుగా అంటించి, 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టాను. అడుగున్నర కింద మెంతి చల్లాను. మొలకలు సన్నగా సాగి వాలిపోతున్నాయి. స్ట్రిప్ చివరికొచ్చేసరికి మసగ్గా ఉంది, మధ్యలో మూడేసి లైట్లు ఆరిపోతున్నాయి. అడాప్టర్ ముట్టుకోలేనంత వేడెక్కుతోంది.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మెంతులు మంచివే. వెలుగు చాలకే మొలక సాగుతుంది. మీటరుకు 120 ఎల్ఈడీలుండే 2835 రకం (అది ఎల్ఈడీ సైజు చెప్పే సంఖ్య) స్ట్రిప్ సాధారణంగా మీటరుకు 9.6 వాట్లు తీసుకుంటుంది. మొత్తం 48 వాట్లు, అంటే 4 ఆంపియర్లు. మీ 2 ఆంపియర్ల అడాప్టర్ మోయలేని బరువది. 12 వోల్టులు, 5 ఆంపియర్లది తీసుకోండి.

స్ట్రిప్‌లోని రాగి పొర చాలా పలచన. ఒక కొస నుంచే కరెంటు ఇస్తే పోనుపోను వోల్టేజి పడిపోతుంది, చివర మసక అందుకే. కత్తెర గుర్తుల దగ్గర 60 సెంటీమీటర్ల ముక్కలు 8 కోయండి. మెలికలు తిప్పొద్దు, మడత దగ్గర రాగి తెగుతుంది. 60×30 సెంటీమీటర్ల, 2 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం రేకును స్పిరిట్‌తో తుడిచి, ముక్కల్ని మూడున్నర సెంటీమీటర్ల ఎడంతో అంటించండి. ప్రతి ముక్క ప్లస్‌నూ మైనస్‌నూ 1 చదరపు మిల్లీమీటరు వైర్లు రెండింటికి విడివిడిగా సోల్డర్ చేయండి. కోసిన చోట రాగి బయటపడి ఉంటుంది. అది రేకుకు తగిలితే షార్టే, కింద ఇన్సులేషన్ టేపు వేయడం మరవొద్దు.

మూడేసి ఆరడానికి కారణం వేడి. స్ట్రిప్‌లో మూడు ఎల్ఈడీలు ఒక వరుస, ఒకటి పోతే మూడూ పోతాయి. చెక్క వేడిని లాగదు, రేకు లాగుతుంది. గంట వెలిగాక రేకు వెనక చెయ్యి ఆనించి ఉంచలేకపోతే 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను ఒకటి తగిలించండి. అన్ని ముక్కల కొసల్లో మల్టీమీటరు 11.5 వోల్టులకు తగ్గకుండా చూపాలి.

మొక్కల కొసలకూ లైటుకూ మధ్య 15–20 సెంటీమీటర్లుంటే చాలు. పెరిగేకొద్దీ గొలుసుతో లైటును పైకి జరపాలి. టైమర్‌తో 14 గంటలు వెలిగించండి. అడాప్టర్‌ను ట్రే కింద పెట్టకండి, నీళ్లు పోసేటప్పుడు తడుస్తుంది.

ఖర్చు మాట: అడాప్టర్ నష్టంతో కలిపి 55 వాట్లు, నెలకు దాదాపు 23 యూనిట్లు. రైతుబజారు కట్టే చవక. తాజా కూర సరదా ఉంటేనే ఇది చేయండి.

ప్రశ్న: మొక్కలకు గులాబీ రంగు లైటే కావాలా?

జవాబు: అక్కర్లేదు. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలం చిప్పే, పైన పసుపు పూత. ఆకుకూరలకు 6500 కెల్విన్ తెలుపు (కాస్త నీలి ఛాయది) సరిపోతుంది. మిర్చి పూతకు రావాలంటే సగం 3000 కెల్విన్‌వి (పసుపు ఛాయవి) కలపండి. గులాబీ వెలుగులో ఆకు పసుపెక్కినా కనిపించదు, అదే పెద్ద చిక్కు.

ప్రశ్న: 3 వాట్ల ఎల్ఈడీలు మూడు వరుసగా కలిపి 12 వోల్టులిస్తే నిమిషాల్లో మాడిపోయాయి. ఎందుకు?

జవాబు: ఒక్కోటి తీసుకునేది సుమారు 3.3 వోల్టులు, మూడింటికి పదే. మిగతా రెండు వోల్టుల్నీ ఆపడానికి రెసిస్టర్ లేదు. పైగా వేడెక్కేకొద్దీ ఎల్ఈడీకి కావలసిన వోల్టేజి తగ్గి, కరెంటు పెరుగుతుంది. దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. పది ఎల్ఈడీలను వరుసగా కలిపి, 600 మిల్లీ ఆంపియర్ల స్థిర కరెంటు డ్రైవర్ (కరెంటు పెరగకుండా ఒకేలా ఇచ్చే అడాప్టర్) వాడండి. థర్మల్ పేస్టు (వేడిని దాటించే ముద్ద) రాసి హీట్‌సింకుకు (వేడిని లాగే లోహపు దిమ్మకు) మరలతో బిగించాకే స్విచ్ వేయండి. ఇలాంటి చవక డ్రైవర్లలో చాలావాటికి ఇంటి 230 వోల్టుల కరెంటు నుంచి వేర్పాటు ఉండదు కాబట్టి, వెలుగుతుండగా సోల్డర్ చుక్కల్ని ముట్టుకోవద్దు.