మధ్యాహ్నం మాత్రమే ఆన్ అయ్యే ల్యాప్‌టాప్

ప్రశ్న: మా నాన్న ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తిలో గుమాస్తాగా చేసేవారు. 1990లలో సేటు తన పాత ల్యాప్‌టాప్ నాన్నకే ఇచ్చేశారు. 386 ప్రాసెసర్ ఉన్న మిషన్, 4 ఎంబీ ర్యామ్, నలుపు తెలుపు స్క్రీన్. నాన్న పోయాక బీరువా మీదే ఉండిపోయింది. ఈ ఎండాకాలం తీసి కరెంటు పెడితే పచ్చలైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోతోంది, లోపల టిక్ టిక్‌మని చప్పుడు. మాది రేకుల ఇల్లు. మధ్యాహ్నం మూడింటికి పెడితే రెండుసార్లు ఆన్ అయింది, పొద్దున మాత్రం ఎంత నొక్కినా కాలేదు. దగ్గరికి పోతే చేపల వాసన. షాపులో ప్రాసెసర్ పోయిందన్నారు. నాన్న రాసిన లెక్కలు, ఉత్తరాలు అందులోనే ఉన్నాయి. ఆశ ఉందా సార్?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఉంది. కానీ ముందు ఒక పని చేయండి, ఇకమీద స్విచ్ నొక్కకండి, ఎండ వేడికి ఆన్ అవుతుంది కదా అని అసలే నొక్కకండి.

ప్రాసెసర్ పోతే మధ్యాహ్నం బాగై పొద్దునకి పాడవదు. మీరు రాసిన ఆ రేకుల ఇంటి సంగతే అసలు ఆధారం. అడాప్టర్ నుంచి వచ్చే కరెంటును లోపలి పవర్ బోర్డు వేర్వేరు ఓల్టేజీలుగా మార్చి ఇస్తుంది, దాని మీద చిన్న చిన్న డబ్బాల్లా ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి, వాటిలోని ద్రవం ఏళ్ల తరబడి కారిపోతే అవి కరెంటును నిలకడగా ఉంచలేవు, బోర్డు మొదలై వెంటనే తనంతట తాను ఆగిపోతుంది. మీరు విన్న టిక్ టిక్ అదే. వేడెక్కినప్పుడు మిగిలిన కాస్త ద్రవం కొంచెం మెరుగ్గా పనిచేస్తుంది, అందుకే మధ్యాహ్నం లేచింది. ఆ నీచు వాసన కూడా కారిన ద్రవానిదే. అది బోర్డు మీది సన్నని రాగి గీతలను (ట్రాకులను) తినేస్తుంది, కరెంటు పెట్టినకొద్దీ ఇంకా తొందరగా తింటుంది.

అడాప్టర్‌ను ఒకసారి మల్టీమీటర్‌తో చూడండి. ఓల్టేజీతో పాటు పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది దాని మీద బొమ్మగా ఉంటుంది, మిషన్ అడుగున ఉన్న బొమ్మతో సరిపోవాలి. ఆ కాలపు మిషన్లలో ఇది ఒక్కోదానికి ఒక్కోలా ఉండేది.

కెపాసిటర్లు మార్చడం సెల్‌ఫోన్లు బాగుచేసే మంచి కుర్రాడి చేతిలో పనే, హన్మకొండ చౌరస్తా వైపు అడిగి చూడండి, కానీ పక్కన కూర్చొని చేయించుకోండి. ద్రవం తగిలిన టంకం మసకబారి ఉంటుంది, ఓ పట్టాన కరగదు. దాని మీద కొత్త టంకం కొంచెం వేసి కరిగించాలి, లాగితే కింది రాగి ముక్క ఊడొస్తుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని టూత్‌బ్రష్‌తో మచ్చ పోయేదాకా తోమాలి. కొత్తవి అదే మైక్రోఫారడ్ విలువ, అదే లేదా కొంచెం ఎక్కువ ఓల్టేజీ, 105 డిగ్రీల వేడిని తట్టుకునేవి కావాలి. ఇంకొకటి, డబ్బా ఆకారంలో ఉన్నదాని మీద నల్ల గుర్తు ఉన్నవైపు మైనస్, పసుపు రంగు టాంటలం బిళ్ల (ఇదీ ఒక రకం కెపాసిటరే) మీద గీత ఉన్నవైపు ప్లస్. ఈ తేడా మరిచి తిప్పి పెడితే టాంటలం మండిపోతుంది, ఎంత చెయ్యి తిరిగినవాళ్లయినా ఇక్కడ తప్పు చేస్తారు. స్క్రీన్ వెనక ట్యూబ్‌లైటు ఉంటే దాని బోర్డు కొన్ని వందల ఓల్టులు ఇస్తుంది, కరెంటు ఉండగా వేలు పెట్టొద్దు.

ఇవన్నీ చేసేముందే హార్డ్ డిస్కు బయటికి తీయండి, మీకు కావలసింది అందులో ఉంది. రెండున్నర అంగుళాల ఐడీఈ (ఆ కాలపు డిస్కు కనెక్షన్ పద్ధతి) అయితే 44 పిన్నులుంటాయి. యూఎస్‌బీ కన్వర్టర్‌కు పెట్టి కనబడకపోతే భయపడకండి, అంత పాత డిస్కులను చాలా కన్వర్టర్లు గుర్తుపట్టవు. ఐడీఈ సాకెట్ ఉన్న పాత డెస్క్‌టాప్ వెతకండి, 44 నుంచి 40 పిన్నులకు మార్చే చిన్న ముక్క పెట్టి, ఒకటో పిన్ను ఎటుందో రెండుసార్లు చూసుకొని, ఆన్ అవగానే మొత్తం కాపీ చేసేయండి. నాన్నగారి ఫైళ్లు తెరిచి చదవడం ఆ తర్వాత, తీరిగ్గా.

ప్రశ్న: నా 486 ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది, కానీ కాన్ఫిగరేషన్ ఎర్రర్ అని వచ్చి సీ డ్రైవ్ లేదంటోంది. డిస్కు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. కొత్త డిస్కు కొనాలా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కొనకండమ్మా. తేదీ, డిస్కు వివరాలు గుర్తుంచుకునే చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, అందుకే మీ మిషన్ తన డిస్కు ఎలాంటిదో మరిచిపోయింది. మిషన్ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెటప్‌లోకి వెళ్లి, డిస్కు లేబుల్ మీదున్న సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలు కొట్టి సేవ్ చేయండి, చాలావరకు సీ డ్రైవ్ తిరిగొస్తుంది. లేబుల్ మీద ఆ అంకెలు లేకపోతే డిస్కు మోడల్ నంబరుతో వెతికితే దొరుకుతాయి.

అంతకంటే ముందు మూత విప్పి ఆ బ్యాటరీని చూడండి. ప్లాస్టిక్ తొడుగు వేసిన మూడు బిళ్లల కట్ట, 3.6 ఓల్టులది అయితే సాధారణంగా నికెల్ కాడ్మియం, దాని చుట్టూ పచ్చటి చిలుము ఉంటే ఈరోజే కత్తిరించి తీసేయండి. ఆ చిలుమును దూదితో కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో కడిగి, బాగా ఆరనివ్వండి. బ్యాటరీ లేకపోయినా చాలా మిషన్లు నడుస్తాయి, ప్రతిసారీ అంకెలు కొట్టుకోవాలి, అంతే. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి మూత లోపల అతికించుకోండి.