ఇనిషియల్

టీ నగర్, చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. 'సమాజం' అనే మాట పదిహేడుసార్లు వచ్చింది. పెన్సిలు పట్టుకుని మరీ లెక్కపెట్టాను! కోపం తెచ్చుకోకు, నా మొదటి కథలో అంతకంటే ఎక్కువే ఉండేవి.

ఆ మాట ఒక్కసారి కూడా వాడకుండా రాసి చూడు. నా సంగతే చెప్తా. ఆరో తరగతిలో చేర్చుకునేటప్పుడు బడి గుమాస్తా 'అప్పా పేరు?' అన్నాడు. నాన్న ఇంటిపేరుతో మొదలుపెట్టబోయాడు. గుమాస్తా వినిపించుకోలేదు. నాన్న పేరులో మొదటి అక్షరం నా పేరుకు ముందు తగిలించి రిజిస్టరు మూసేశాడు. తాతల నాటి ఇంటిపేరు అరనిమిషంలో పోయింది. క్లాసులో నేను 'గొల్టి'ని, అంటే తెలుగువాళ్ళను వెక్కిరించే పేరు. సెలవులకు నెల్లూరు వెళ్తే 'అరవోడొచ్చాడు' అనేవాళ్ళు. అక్కడి పెద్దవాళ్ళు నా ఇంటిపేరు ఎందుకంత గుచ్చిగుచ్చి అడుగుతారో మీసాలొచ్చాక గానీ తెలియలేదు. మనవాళ్ళేనా కాదా అని తేల్చుకోడానికి! ఆరోజు గుమాస్తా మీద కోపం సగం తగ్గింది.

ఇక్కడ పేర్ల చివర కులం లేకపోవడం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1929లో చెంగల్పట్టులో ఆత్మగౌరవ ఉద్యమం వాళ్ళు సభ పెట్టి, కులం తెలిపే బిరుదులు వదిలేయాలని తీర్మానించారు. ఆ ఉద్యమ నాయకుడు పెరియార్ కూడా తన పేరులో 'నాయకర్' తీసేశారు. నువ్వు బట్టలు కొనుక్కునే పాండీ బజారుకు ఆ పేరు, ఆ సభకు అధ్యక్షత వహించిన సౌందరపాండియన్ గారి వల్లే వచ్చిందంటారు. సంబంధాలు చూసేటప్పుడు కులం మళ్ళీ వచ్చి కూర్చుంటుందనుకో. అదీ రాయాల్సిందే.

నీ కథ చివర ఆ పిల్ల తండ్రికి అరపేజీ ఉపన్యాసం ఇచ్చింది. కొట్టెయ్. ఏ ఇంట్లోనూ ఎవరూ అలా మాట్లాడరు. ఆమె చేత ఒక్క పని చేయించు. కాలేజీ ఫారంలో నాన్న ఇనిషియల్ తీసేసి అమ్మది రాసిందనుకో. మార్కుల లిస్టులో ఒకటి, ఆధార్‌లో ఇంకోటి. కౌంటర్లో విసుగు, వెనక క్యూలో గొణుగుడు. ఇంటికొస్తే సాక్షాత్తూ అమ్మే, 'నా పేరెందుకే మధ్యలో, లేనిపోని టెన్షన్' అంటుంది. అక్కడ తొందరపడకు. ఆవిడ ఆ మాట పొయ్యి దగ్గర నిలబడి అందా, కూతురి మొహం చూసి అందా?

ముందు అది రాసి పంపు. ఫారం సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
మాస్టారు