మడత బట్ పెట్టించే ముందు, అల్లుడా

దేవరకొండ

చిరంజీవి అల్లుడికి నీ మేనమామ ఆశీస్సులు.

మిలటరీ నుంచి వచ్చి నగదు వ్యాన్‌లో గన్‌మన్‌గా చేరావనీ, కొత్తగా కొన్న పంప్ యాక్షన్ తుపాకికి, అంటే ప్రతి దెబ్బకూ గొట్టం కింది పంపు పిడిని చేత్తో వెనక్కీ ముందుకీ లాగే తుపాకికి, భుజానికి ఆనించే చెక్క బట్ తీసేయించి, మడత పెట్టే ఇనుప ఫోల్డింగ్ బట్ బిగించుకోవాలని చూస్తున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇరవై ఏళ్లకు పైగా బ్యాంకు గేటు దగ్గరా, వ్యాన్ లోపలా పన్నెండు బోరు తుపాకి మోసినవాణ్ని కనుక, నువ్వు అడగకపోయినా రాస్తున్నాను. నేనైతే పెట్టించుకోను. అట్లని నీ కోరికలో అర్థం లేదని కూడా అనను.

నీ ఇబ్బంది ఎక్కడుందో నాకు తెలుసు. నగదు రవాణా గురించి 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం సాయుధ గార్డులలో ఒకరు డ్రైవర్ పక్కన, మరొకరు వెనుక భాగంలో కూర్చోవాలి. ఆ ముందు సీటులో గేర్ రాడ్డుకూ తలుపుకూ మధ్య మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నవాడికి, బారెల్ గొట్టం ఎంత పొట్టిదైనా మొత్తం మూడడుగులకు పైగానే ఉండే తుపాకిని ఎటు పెట్టాలో తోచదు. ఏటీఎం దగ్గర దిగేటప్పుడు బట్ తలుపు చట్రానికి తగులుతుంది, లేదా బెల్టులో ఇరుక్కుంటుంది. బట్ మడిస్తే దాదాపు పది అంగుళాలు తగ్గుతుంది కాబట్టి దిగడం, ఎక్కడం, ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేయడం అన్నీ సుళువవుతాయి. పంపు తుపాకిలో ఈ పని కుదరడానికి కారణం కూడా ఉంది. కొన్ని సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో స్ప్రింగు గొట్టం బట్ లోపలే ఉంటుంది కనుక వాటి బట్ మడవడానికి వీలు లేదు, పంపు తుపాకి బట్‌లో అటువంటి యంత్రమేదీ లేదు.

ఇక నాకెదురైన సంగతి చెప్తాను. ఏటా జరిగే ఫైరింగ్ ప్రాక్టీసులో ఒకసారి నా తోటి గార్డు ఫోల్డింగ్ బట్ తుపాకిని నా చేతికిచ్చి, మడిచే ఉంచి కాల్చి చూడమన్నాడు. మొదటి తూటా పేలింది. రెండోదాని కోసం పంపు వెనక్కి లాగితే, ఆనించుకోవడానికి భుజం దగ్గర ఏమీ లేదు కనుక తుపాకి మొత్తం నా వైపుకే వచ్చింది, పంపు మాత్రం చివరిదాకా రాలేదు. పేలిన తూటా ఖాళీ డొల్ల (కేసు) సగం బయటికి వచ్చి అక్కడే ఇరుక్కుంది. గురిబోర్డు మీద చూస్తే మొదటి దెబ్బ కూడా ఎక్కడో మూలకు తగిలింది. పంపు తుపాకి పనితనమంతా ముందు చేయి పూర్తిగా వెనక్కి, పూర్తిగా ముందుకు పోవడంలోనే ఉంది. భుజం ఆధారం లేకపోతే ఆ చేయి తడబడుతుంది. నీ ఉద్యోగంలో అటువంటి క్షణం ఎన్నడూ రాకపోవచ్చు, వస్తే మాత్రం రెండో అవకాశం దొరకదు.

మడత విప్పి భుజానికి ఆనించుకుంటే చాలదా అంటావు. కొంతవరకు చాలుతుంది. అయితే చాలా ఫోల్డింగ్ బట్లు సన్నటి ఇనుప పట్టీలే, దవడ ఆనించడానికి వెడల్పు ఉండదు. పన్నెండు బోరు పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ చెక్క బట్ మీద భుజమంతా పరుచుకుంటే, ఇనుప పట్టీ మీద అది అంచు దగ్గరే గుచ్చుతుంది. ఆ రోజు నాలుగు తూటాలకే నా చెంప కమిలిపోయింది. పైగా మన నల్లగొండ ఎండలు నీకు తెలియనివి కావు. వైశాఖమాసంలో మధ్యాహ్నం వ్యాన్ డ్యాష్‌బోర్డు పక్కన గంటసేపు పెట్టిన ఇనుప బట్‌ను వట్టి చేత్తో పట్టుకోలేము, దానికి చెంప ఆనించమంటే ఎవరు ఆనిస్తారు? పైకి మడిచే రకమైతే మడిచినప్పుడు గురి చూసే గాడిని కూడా కప్పేస్తుంది. పక్కకు, అందులోనూ కుడివైపుకు మడిచే రకమైతే ఖాళీ కేసులు బయటపడే దారికి అడ్డం వస్తుంది.

మడత కీలు దగ్గర ఊగులాట మొదలైతే మాత్రం అది తేలిగ్గా మరమ్మతుకు లొంగే జబ్బు కాదు. రోజూ పదే పదే మడిచి విప్పుతుంటే, బట్‌ను పట్టి ఉంచే గడియ అరుగుతుంది. ఫోల్డింగ్ బట్‌తో పాటు సాధారణంగా పిస్టల్‌కు ఉన్నట్టు కిందికి దిగిన పిడి కూడా వస్తుంది కనుక, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట ఎక్కడుందో చూసుకో. ట్రిగ్గర్ వెనుక అడ్డంగా ఉండే గుండీ అయితే వేలికి అందుతుంది. మాస్‌బర్గ్ కంపెనీ తుపాకుల మాదిరిగా తుపాకి వెన్ను మీద ఉండే సేఫ్టీ అయితే, పిడి పట్టుకున్న బొటనవేలికి అది అందదు, పట్టు సడలించాల్సి వస్తుంది.

ఎవరూ చెప్పని చిక్కు ఇంకొకటుంది. పొడవైన తుపాకిని వ్యాన్‌లో పెట్టినప్పుడు దాని మూతి ఎటు ఉందో అందరికీ కనిపిస్తుంది. పొట్టిదాన్ని ఒళ్లో పెట్టుకుంటే వ్యాన్ గుంతలో పడ్డప్పుడల్లా మూతి తిరిగి పక్కవాడి మోకాలి మీదికి వస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు. సేఫ్టీ సాధారణంగా ట్రిగ్గర్‌నే ఆపుతుంది, ఎత్తు నుంచి కింద పడితే పూర్తి నమ్మకం లేదు. అందుకే ప్రయాణంలో తూటాలు నిలవుండే మ్యాగజైన్‌లో తూటాలున్నా, పేలడానికి తూటా కూర్చునే చాంబర్ మాత్రం ఖాళీగా ఉండాలని నా పట్టుదల.

చట్టం సంగతి కూడా చిన్నది కాదు. 1959 ఆయుధ చట్టంలోని 6వ సెక్షన్ లైసెన్సు లేకుండా బారెల్ పొట్టి చేయడాన్ని నిషేధించింది. బట్ మార్చడం బారెల్ కోయడం కాదు, నిజమే. అయినా తనిఖీలో తుపాకి రూపం మారి కనిపిస్తే జవాబు చెప్పుకోవాల్సినవాడివి నువ్వే. అందుకని లైసెన్సు ఇచ్చిన అధికారికి ముందుగా రాసి, లిఖితపూర్వకమైన జవాబు తీసుకొని, లైసెన్సున్న దుకాణంలోనే పని చేయించు, రసీదు దాచుకో. బజారులో ఎవడో వెల్డింగ్ మేస్త్రీ చేస్తానంటే మాత్రం అటు వెళ్లకు.

నీ ఇబ్బందికి నా దగ్గరున్న ఉపాయం వేరు. చెక్క బట్లు చాలావరకు మన కొలతకు మించిన పొడవుతో వస్తాయి, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ మీద ఆనిస్తే ఇంకా పొడవనిపిస్తాయి. తూటాలు తీసేసి, చాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకొని, బట్ వెనుక భాగాన్ని మోచేతి మడతలో పెట్టుకొని చూడు, చూపుడు వేలు ట్రిగ్గర్ దాకా హాయిగా చేరాలి. చేరకపోతే అంగుళమో, అంగుళంన్నరో పొట్టి బట్ వేయించి, వెనుక మందపాటి రబ్బరు ప్యాడ్ పెట్టించు. దానితో పొడవు పది అంగుళాలు తగ్గదు, అయితే తలుపు దగ్గర ఇరుక్కోవడం చాలావరకు పోతుంది. మిగతాది అలవాటు మీద వస్తుంది. డమ్మీ తూటాలతో, ఆగి ఉన్న వ్యాన్‌లో నుంచి మూతి నేల వైపు ఉంచి దిగడాన్ని ముప్పై నలభైసార్లు చేసి చూడు.

ఇంత రాసినా ఫోల్డింగ్ బట్టే కావాలంటే, ఎడమవైపుకు మడిచేది, దవడ ఆనించే వెడల్పు ఉన్నది, విప్పినప్పుడు బలంగా తోసినా గడియ కదలనిది తీసుకో. మడిచి మోయి, విప్పి కాల్చు. పాత చెక్క బట్‌ను మాత్రం అమ్మేయకుండా ఇంట్లోనే ఉంచు. ముందు మోచేతి కొలత చూసుకొని ఆదివారంలోగా ఫోన్ చేస్తే, రబ్బరు ప్యాడ్ ఎంత మందం కావాలో చెప్తాను.

నీ మేనమామ