సభాకంపం పోవాలంటే టోస్ట్‌మాస్టర్స్‌లో చేరాలా, స్పోకెన్ ఇంగ్లిష్‌లోనా?

"మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాన్నది కొబ్బరి వ్యాపారం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు కాకినాడలో బీటెక్ ఈసీఈ మూడో ఏడాది. మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ మొన్న క్లాసులో జామ్ (ఇచ్చిన అంశం మీద ఒక నిమిషం ఆగకుండా మాట్లాడటం) పెట్టినప్పుడు లేచి రెండు వాక్యాలు చెప్పేసరికి గొంతు పట్టేసింది, కూర్చుండిపోయాను. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్లు. ఒక సీనియర్ అక్క, నలుగురిలో మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో చేరమంటోంది. ఇంట్లోవాళ్లు స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సుకు డబ్బు కడతామంటున్నారు. ఏది మంచిది?"
– ఒక విద్యార్థిని, కాకినాడ

డబ్బు కట్టే ముందు ఒక చిన్న పని చేయండమ్మా. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ గదిలో నలుగురిని కూర్చోబెట్టి, మీరు నిలబడి, కురిడీ కొబ్బరి ఎలా తయారవుతుందో తెలుగులో రెండు నిమిషాలు చెప్పండి. చిన్నప్పటినుంచీ కళ్లారా చూసిన విషయమే కదా. ఫోన్‌లో రికార్డు చేయండి.

ఆ రెండు నిమిషాలూ సాఫీగా చెప్పేస్తే మీకున్న ఇబ్బంది ఇంగ్లిష్‌తో. తెలుగులో కూడా గొంతు పట్టేస్తే, చూపు నేలమీదికి పోతే, అది భాష ఇబ్బంది కాదు, సభాకంపం. ఈ రెంటికీ మందు ఒకటి కాదు. ఇంగ్లిష్ రావడం లేదని నా దగ్గరికి వచ్చిన చాలామంది పిల్లల చేత ఈ పరీక్ష చేయించాను. వాళ్లలో ఎక్కువమంది తెలుగులోనే ఆగిపోయారు. అప్పటిదాకా ఆ సంగతి వాళ్లకే తెలియదు. తప్పంతా ఇంగ్లిష్‌దే అనుకుని కోర్సు మీద కోర్సు చేశారు.

ఇందులో పిల్లల తప్పు లేదు. మన బడుల్లో నలుగురిలో మాట్లాడటం అంటే ఆగస్టు 15కి వక్తృత్వ పోటీ. మాస్టారు రాసిచ్చింది బట్టీ పట్టడం, మధ్యలో ఒక వాక్యం మరిచిపోతే బిక్కమొహం వేసుకుని దిగిపోవడం. ఆ తర్వాత ఇంటర్ రెండేళ్లూ స్టడీ అవర్లు, వీకెండ్ టెస్టులు. నోరు విప్పితే క్రమశిక్షణ తప్పినట్టు లెక్క. అలా పెరిగిన పిల్లను ఇరవయ్యో ఏట ఒక్కసారిగా లేపి, ఒక నిమిషం ఆగకుండా మాట్లాడమంటే గొంతు పట్టేయడంలో వింతేముంది?

ఇక మీ అక్క చెప్పిన క్లబ్బు సంగతి. ఇంట్లోవాళ్లకు మీరు వివరించాల్సి ఉంటుంది కాబట్టి కాస్త వెనక్కి వెళ్లి చెబుతాను. అమెరికాలో వైఎంసీఏ అనే యువజన సంఘంలో పనిచేసిన రాల్ఫ్ స్మెడ్లీ, అక్కడికి వచ్చే కుర్రాళ్లకు నలుగురిలో మాట్లాడటం, సభ నడపడం రావడం లేదని గమనించాడు. వాళ్లే ఒకరి మాటలు ఒకరు విని సరిదిద్దుకునేలా చిన్న బృందాలు పెట్టాడు. 1924 అక్టోబరు 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో మొదలైన క్లబ్బు టోస్ట్‌మాస్టర్స్ సంస్థకు మూలం. వందేళ్లు దాటినా పద్ధతి పెద్దగా మారలేదు. పాఠం చెప్పే మాస్టారు ఉండరు. అందరూ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లే. ఈ ముక్క వినగానే తల్లిదండ్రులకు అనుమానం వస్తుంది, మాస్టారు లేని చోట ఏం నేర్చుకుంటారని. నేనైతే దాని బలమంతా అక్కడే ఉందంటాను. ఈత గురించి ఎంత విన్నా కాలవలో దిగందే ఈత రాదు కదా.

కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక క్లబ్బు సమావేశానికి ఒక డిగ్రీ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. అతనిదీ మీలాంటి పరిస్థితే. ముందు ముగ్గురు సభ్యులు తయారై వచ్చిన ప్రసంగాలు చేశారు, ఒక్కొక్కరికి ఐదు నుంచి ఏడు నిమిషాలు. తర్వాత టేబుల్ టాపిక్స్. అప్పటికప్పుడు ప్రశ్న ఇస్తారు, ఒకటి నుంచి రెండు నిమిషాల్లో జవాబు చెప్పాలి. అతిథులను బలవంతం చేయరు, ఇష్టమైతేనే రమ్మంటారు. మావాడు చెయ్యెత్తాడు. 'మీ ఇంట్లో పారేయడానికి మనసొప్పని పాత వస్తువు ఏది?' అని ప్రశ్న వచ్చింది. వాళ్లమ్మ కుట్టుమిషన్ గురించి వచ్చీరాని ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాడు. నలభై సెకన్లకు ఆగిపోయాడు.

గదిలో ఎవరూ నవ్వలేదు, మాట అందించలేదు, ఫోన్ చూసుకోలేదు. అతని మొహంలోకే చూస్తూ కూర్చున్నారు. ఆరేడు సెకన్లు గడిచాయి. అతను ఊపిరి తీసుకుని, రాత్రి పడుకున్నాక కూడా ఆ మిషన్ చప్పుడు వినపడుతూ ఉండేదని చెప్పాడు. అంతలో టైము చూసే సభ్యురాలు, అంటే టైమర్, పచ్చకార్డు ఎత్తింది. నిమిషం పూర్తయిందని దాని అర్థం. ఆ కార్డు చూసినప్పటి అతని మొహం నాకింకా గుర్తుంది.

చివర్లో ఆ-కౌంటర్ లేచింది. ఎవరెవరు ఎన్నిసార్లు 'ఆఁ', 'సో', 'యాక్చువల్లీ' అన్నారో లెక్కపెట్టే బాధ్యత ఆమెది. మావాడి 'ఆఁ'లు పదకొండు అని చదివింది. సభ్యుల లెక్కలూ అదే గొంతుతో చదివింది, ఒకరివి అంతకన్నా ఎక్కువే. టేబుల్ టాపిక్స్ మీద అభిప్రాయం చెప్పినాయన మావాడితో రెండే మాటలు అన్నాడు. మిషన్ చప్పుడు దగ్గర అందరూ కదలకుండా విన్నారు, అలాంటివి ఇంకా చెప్పండి. చేతులు వెనక్కి కట్టుకున్నారు, ఈసారి మామూలుగా పక్కన వదిలేయండి. అంతే. 'బాగా మాట్లాడావు' అన్న మాట వల్ల ఎవరికీ ఒరిగేది లేదు. ఎక్కడ బాగుందో, వచ్చేసారి ఏ ఒక్కటి మార్చుకోవాలో చెప్పేవాళ్లు దొరకడం అదృష్టం. క్లబ్బులో మీరు కట్టే డబ్బు దానికే.

టేబుల్ టాపిక్స్ చూసినప్పుడల్లా నాకు మన అష్టావధానం గుర్తొస్తుంది. అవధాని పద్యం అల్లుకుంటూ ఉంటే అప్రస్తుత ప్రసంగి ఏదో అడిగి దారి మళ్లించాలని చూస్తాడు, అవధాని తడుముకోకుండా జవాబు చెప్పి మళ్లీ పద్యంలోకి వస్తాడు. సభలో అప్పటికప్పుడు మాట్లాడటం ఒక విద్య అని, సాధనతో వస్తుందని మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. మీ జామ్ కూడా ఆ విద్యలో మొదటి మెట్టే.

ఖర్చు దగ్గరికి వద్దాం. సభ్యత్వ రుసుము ఆరు నెలలకు 60 డాలర్లు, కొత్తగా చేరేవాళ్లు ఒక్కసారి మరో 20 డాలర్లు కట్టాలి. మన డబ్బులో మొదటి దఫా ఏడు వేల దాకా అవుతుంది. కొన్ని క్లబ్బులు గది అద్దెకని కొంత కలుపుతాయి, ముందే అడగండి. పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. సంస్థ వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొడితే దగ్గర్లోని క్లబ్బులు కనిపిస్తాయి. వాటిలో కంపెనీలు తమ ఉద్యోగుల కోసమే నడుపుకునేవీ ఉంటాయి, అందరికీ ప్రవేశం ఉన్నదాన్ని చూసుకోండి. దగ్గర్లో లేకపోతే ఆన్‌లైన్‌లో సమావేశాలు పెట్టేవి ఉన్నాయి. అయితే మీకు కావలసింది మనుషుల ముందు నిలబడటం. కెమెరా ముందు కూర్చుని మాట్లాడితే అందులో సగమే వస్తుంది. ఎక్కడికైనా అతిథిగా ఉచితంగా వెళ్లవచ్చు. రెండు మూడు సమావేశాలు చూడందే డబ్బు కట్టవద్దు. అందరూ అందరినీ పొగుడుకుని చప్పట్లు కొట్టి వెళ్లిపోయే క్లబ్బయితే మరోటి వెతుక్కోండి.

ఏడు వేలు మీ ఇంటికి భారమైతే ఇదే పని హాస్టల్లో చేయవచ్చు. నేను చాలామంది పిల్లల చేత చేయించాను, నడుస్తుంది. ఆరుగురో ఎనిమిదిమందో చాలు. ఆదివారం పొద్దున గంటసేపు. టాపిక్‌లు చీటీల మీద రాసి ఒక స్టీలు డబ్బాలో వేయండి. టైము చూపడానికి పచ్చ, పసుపు, ఎరుపు చార్టు ముక్కలు మూడు కత్తిరించుకోండి. ఒకరు సభ నడపాలి, ఒకరు టైము చూడాలి, ఒకరు 'ఆఁ'లు లెక్కపెట్టాలి, మాట్లాడిన ప్రతి ఒక్కరి మీదా ఇంకొకరు అభిప్రాయం చెప్పాలి. వారం వారం ఈ పనులు మారాలి. మొహమాటం కొద్దీ ఎప్పుడూ టైమర్‌గానే ఉండిపోయే అమ్మాయి ఒకరు ప్రతి బృందంలోనూ ఉంటుంది. ఆ అమ్మాయి మీరు కాకూడదు.

రెండు నియమాలు మాత్రం గట్టిగా పెట్టుకోండి. మాట్లాడుతున్నవాళ్లను గ్రామర్ తప్పులని మధ్యలో ఆపకూడదు, రాసిపెట్టుకుని చివర చెప్పాలి. ఎవరి యాసనీ వెక్కిరించకూడదు. గదిలో ఒక్కసారి వెకిలి నవ్వు వినిపిస్తే ఆ పిల్ల మళ్లీ లేవదు, మీ బృందం మూడు వారాల్లో చెదిరిపోతుంది. మొదటి రెండు వారాలు తెలుగులో నడపండి. కాళ్లు వణకడం తగ్గాక ఇంగ్లిష్‌లోకి మారండి. ఖాళీ గది కావాలంటే మీ ఇంగ్లిష్ ల్యాబ్ చూసే మేడమ్‌ను అడగండి. పిల్లలే వచ్చి ఇలాంటిది అడిగితే కాదనే లెక్చరర్లు తక్కువ.

క్లబ్బులో తొలి ప్రసంగాన్ని ఐస్ బ్రేకర్ అంటారు. నాలుగు నుంచి ఆరు నిమిషాలు మీ గురించి మీరు చెప్పుకోవాలి. అక్కడ దయచేసి వాట్సాప్‌లో తిరిగే సెల్ఫ్ ఇంట్రో చెప్పకండి. 'హార్డ్ వర్కర్, క్విక్ లర్నర్, పాజిటివ్ యాటిట్యూడ్' అని ప్రతి కాలేజీలో ప్రతి బ్యాచ్ చెబుతోంది, ఇంటర్వ్యూ చేసేవాళ్లకు విని విని విసుగొచ్చింది. మీ నాన్నగారు కాయను చెవి దగ్గర ఊపి, లోపల కొబ్బరి గిలకలా ఆడుతోందా లేదా చూసి కురిడీ అయిందో లేదో చెప్పేస్తారు కదా, అక్కడ మొదలుపెట్టండి. దింపు తీసే మనుషులు దొరక్క పడే అవస్థ చెప్పండి. మాటలు వాటంతట అవే వస్తాయి. మొత్తం రాసి బట్టీ పట్టవద్దు. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం నోటికి వచ్చి ఉండాలి, మధ్యలోవి నాలుగు పాయింట్లుగా గుర్తుంటే చాలు. గుండెదడ ఎక్కువగా ఉండేది మొదటి నిమిషంలోనే. ఆ నిమిషం గట్టెక్కించడానికే ఆ రెండు వాక్యాలు. మాట తట్టకపోతే 'ఆఁ' అనకుండా నోరు మూసుకుని ఆగండి. మీకు యుగంలా అనిపించే ఆ మూడు సెకన్లు వినేవాళ్లకు లెక్కలోకే రావు.

క్లబ్బు ఇంగ్లిష్ నేర్పదని కూడా తెలుసుకోండి. వాక్యమే కట్టలేకపోతే, టెన్సులు తికమకగా ఉంటే వాటికి విడిగా రోజూ అరగంట పెట్టాలి. కురిడీ పరీక్షలో తెలుగులో సాఫీగా మాట్లాడి ఉంటే మీ ఇంట్లోవాళ్ల మాటే సరైనది, కోర్సులో చేరండి. మాట్లాడించేదాన్ని ఎంచుకోండి, నోట్సు రాయించేదాన్ని కాదు. తెలుగులో కూడా ఆగిపోతే ముందు క్లబ్బు, లేదా హాస్టల్ బృందం. కోర్సు మూడు నెలలు ఆగినా నష్టం లేదు.

క్లబ్బు సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. పనికొచ్చేది అక్కడి అలవాటు. హెచ్ఆర్ రౌండులో అనుకోని ప్రశ్న వస్తే అది మరో టేబుల్ టాపిక్ అనిపించాలి. టెక్నికల్ రౌండులో మీ ప్రాజెక్టు గురించి అడుగుతారు. నేల తేమను కొలిచే సెన్సరో మరొకటో చేసి ఉంటారు. దాన్ని ఈసీఈ తెలియని మీ సివిల్ స్నేహితురాలికి రెండు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పడం సాధన చేయండి. నాకు తెలిసి మూడో ఏడాది పిల్లలకు ఇంతకన్నా మంచి సాధన లేదు.

ప్లేస్‌మెంట్లు మొదలయ్యేలోపు మీకు ముప్ఫై ఆదివారాల దాకా ఉంటాయి. వారానికి ఒక్కసారి లేచి నిలబడినా ముప్ఫై సార్లు. ఈ రాత్రి చేసే రికార్డింగును చెరిపేయకుండా దాచుకోండి. పదో ఆదివారం అదే కురిడీ గురించి ఇంగ్లిష్‌లో చెప్పి రికార్డు చేసి, రెండూ పక్కపక్కన వినండి. అప్పుడు నాకు మళ్లీ రాయండి, తర్వాత ఏం చేయాలో చూద్దాం.