మజ్జిగలో మాత్ర కలపొద్దమ్మా

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర పల్లె. మా ఆయన గ్రానైట్ క్వారీలో పొక్లెయిన్ నడుపుతాడు. పొద్దున్నే క్వార్టర్ పడితేగానీ చేతుల వణుకు తగ్గదు. పోయిన నెల పిల్లల మీద ఒట్టేసి మానేశాడు. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. ఆ రాత్రంతా గోడ మీద చీమలు పాకుతున్నాయని ఒకటే కేకలు. చివరికి మా మరిది ఇంత మందు పోశాడు. ఒట్టుకే విలువ లేదని నాకు మనసు విరిగిపోయింది. తెలిసినామె ఒక మాత్ర ఇచ్చి, తెలియకుండా మజ్జిగలో కలపమంది. కలపనా?

జవాబు: కలపొద్దు. అది బహుశా డైసల్ఫిరామ్, తాగుడు మాన్పించడానికి ఇచ్చే మాత్ర. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణమే పోవడం. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ప్రమాదమే. డాక్టర్ చెప్పాక, తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సిన మాత్ర అది.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడిన ప్రాంతం మనది. తాగేవాళ్ల మీద కోపం తొందరగా వస్తుంది, నాకూ వస్తుంది. కానీ మీ ఉత్తరంలో నాకు కనిపించింది జబ్బు మనిషి. మందు రోజూ మెదడును జోకొడుతుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. ఉన్నట్టుండి మందు ఆగితే ఆ వేగానికి బ్రేకు ఉండదు. కొన్ని గంటల్లో వణుకు, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆపైన లేనివి కనపడటం. ఆ రాత్రి మీ ఆయన చనిపోయి ఉండొచ్చమ్మా. అందుకే ఇంట్లోనే ఉన్నట్టుండి మాన్పించే పని మళ్లీ పెట్టుకోకండి.

ఒంగోలు ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. ఫిట్స్ సంగతి దాచకండి. అడ్మిట్ చేసుకుని, క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మెదడు వేగాన్ని తగ్గించే మాత్రలు ఇచ్చి, వాటి మోతాదు రోజురోజుకీ తగ్గిస్తూ వస్తారు. దాంతోపాటు థయమిన్, అంటే బి1 ఇంజక్షన్. నీరసంగా ఉన్నారని ఊళ్లోనే గ్లూకోజ్ ఎక్కించకండి. బి1 లేకుండా ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు.

వణుకు తగ్గగానే నయమైందనుకుని ఇంటికి తెచ్చేసుకుంటారు చాలామంది. అసలు వైద్యం అప్పుడే మొదలు. తాగాలన్న యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. ఏది సరిపడుతుందో లివర్, కిడ్నీ పరీక్షలు చూసి చెబుతారు. కౌన్సెలింగ్ నెలల తరబడి సాగాలి. మధ్యలో ఒకసారి తాగినా తిట్టకుండా మళ్లీ తీసుకెళ్లండి, బీపీ పెరిగితే తీసుకెళ్లరూ?

ఆయనతో పొద్దున్నే మాట్లాడండి, టీ గ్లాసు చేతిలో వణుకుతున్నప్పుడు. మందు మాన్పించడానికి అనొద్దు. "ఫిట్స్ వచ్చాయి కదా, చూపించుకుందాం" అనండి. మీకూ టెన్షన్ తక్కువేం కాదు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఇంకోటి, డాక్టర్ సరేననే దాకా ఆయన్ని పొక్లెయిన్ ఎక్కనివ్వకండి.