బాబుకి జీ6పీడీ లోపం.. తప్పు తల్లిదేనా?

ప్రశ్న: మా బాబుకి రెండేళ్లు. పుట్టిన మూడో రోజు కామెర్లు పెరిగి లైట్ కింద పెట్టారు. తర్వాత జీ6పీడీ లోపం ఉందన్నారు. జన్యు పరీక్ష రిపోర్టులో ‘ఎక్స్‌క్యూ28’ అని ఉంది. తల్లి వల్లే వచ్చిందని ఇంట్లో అంటుంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. రెండో బిడ్డకీ వస్తుందా?

జవాబు: ఇందులో మీ తప్పేమీ లేదమ్మా, ముందు అది మనసులోంచి తీసేయండి. ఎక్స్‌క్యూ28 అంటే ఈ లోపానికి కారణమైన జన్యువు అడ్రస్, ఎక్స్ క్రోమోజోమ్ పొడవు భాగానికి చిట్టచివర ఉంటుంది. అక్కడి జన్యువు తయారుచేయించే జీ6పీడీ అనే ఎంజైమే ఎర్ర రక్తకణాలను కాపాడుతుంది, అది తక్కువైతే కొన్ని మందులు పడ్డప్పుడు కణాలు పగిలిపోతాయి.

ఈ అడ్రస్ దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. ప్రిమాక్విన్ అనే మలేరియా మందు వేసుకున్న కొందరికి రక్తకణాలు ఎందుకు పగిలిపోతున్నాయో వెతుకుతుంటే 1956లో ఈ లోపం బయటపడింది, తర్వాత కుటుంబాలను పరిశీలిస్తే ఇది వర్ణాంధత్వంతో కలిసి వస్తోందని, అంటే రెండు జన్యువులూ ఎక్స్ మీద దగ్గరదగ్గరగా ఉన్నాయని తేలింది. 1986లో జన్యువును క్లోనింగ్ చేశారు, అంటే దాని కాపీని విడిగా తీసి అక్షరం అక్షరం చదివారు. మీ బాబుకి ఏ అక్షరం మారిందో ఇవాళ చెప్పగలుగుతున్నామంటే ఆ పని వల్లే.

కొడుక్కి తండ్రి ఇచ్చేది వై, ఎక్స్ తల్లి నుంచే రావాలి. మీ రెండు ఎక్స్‌లలో ఏది వెళ్లాలో ఎవరి చేతుల్లోనూ లేదు, గర్భంతో ఉన్నప్పుడు మీరు తిన్నదానికీ చేసినదానికీ దీంతో సంబంధం లేదు. మీరు వాహకురాలైతే, అంటే మీ ఎక్స్‌లలో ఒకదానిలో ఈ లోపం ఉంటే, ప్రతి కాన్పులోనూ మగబిడ్డకి లోపం వచ్చే అవకాశం సగం, ఆడపిల్ల వాహకురాలయ్యే అవకాశమూ సగమే, వాళ్లలోనూ కొందరికి లక్షణాలు కనిపించవచ్చు. మీవారికీ ఈ లోపం ఉంటే లెక్క మారుతుంది, కాబట్టి ఇద్దరూ పరీక్ష చేయించుకోండి.

బాబుకి రోజూ మందులేమీ అక్కర్లేదు. ప్రిమాక్విన్, డాప్సోన్, రాస్‌బ్యూరికేస్ మందులు వద్దు, ఫావా బీన్స్ అనే ఒక రకం చిక్కుళ్లూ వద్దు, బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు ఇంట్లోంచి తీసేయండి. ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా మందు రాయకముందే లోపం సంగతి చెప్పండి. మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లు పాలిపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ సమయంలో ఎంజైమ్ పరీక్ష చేస్తే నార్మల్ అని రావచ్చు, పాత కణాలు పగిలి కొత్తవి మిగలడమే కారణం, అది చూసి లోపం పోయిందనుకోకండి.