టెక్ సందేహాలు: వంశవృక్షంలో ఒకే తాతగారు రెండు చోట్ల వస్తే ఏమని రాయాలి?

ప్రశ్న: మా అమ్మను ఆమె సొంత మేనమామకే ఇచ్చి పెళ్ళి చేశారు. గ్రాంప్స్ సాఫ్ట్‌వేర్‌లో మా వంశవృక్షం తయారు చేస్తే తాతగారి పేరు రెండు చోట్ల వస్తోంది. రెండో చోట ‘డూప్లికేట్’ అని రాసి ఉంచితే, పొరపాటున రెండుసార్లు ఎక్కిన పేరనుకుని మా తమ్ముడు తీసేయబోయాడు. అందరికీ అర్థమయ్యేలా అక్కడ ఏమని రాయాలి?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: మీ తమ్ముడు ఆగడం మంచిదైంది. గ్రాంప్స్‌లో మనిషి వివరాలు ఒక్కచోటే ఉంటాయి. పటంలో మాత్రం ఎన్ని దారుల్లో బంధుత్వం ఉంటే అన్నిసార్లు పేరు కనిపిస్తుంది. తీసేసి ఉంటే తాతగారు రెండు చోట్లా పోయేవారు. అందుకే ముందు రెండు చోట్లా పేరుకు ఉన్న ఐడీని పోల్చి చూడండి. ఒకటే అయితే దాని జోలికి వెళ్ళకండి. వేరువేరు అయితే నిజంగానే రెండుసార్లు ఎక్కించారన్నమాట; ఫైలుకు బ్యాకప్ తీసుకుని ఆ రెండింటినీ మెర్జ్ చేయండి, అంటే ఒకటిగా కలిపేయండి.

ఇక మాట విషయం. పూర్వీకులకు అంకెలు వేసే పాత పద్ధతి ఒకటి ఉంది, 1590 నాటికే ఐరోపాలో అచ్చయింది. మీరు 1 అయితే నాన్న 2, అమ్మ 3. ఎవరి అంకెనైనా రెట్టింపు చేస్తే వారి తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. ఈ లెక్కన నాన్నగారి తండ్రి 4, అమ్మమ్మ 7, అమ్మమ్మ తండ్రి 14. మీ ఇంట్లో 4, 14 ఒక్కరే. కాబట్టి 14 దగ్గర పేరు కింద ఇలా రాయండి: ‘సంఖ్య 4 వద్ద చూపిన వారే. నాన్నకు తండ్రి, అమ్మమ్మకూ తండ్రి.’

ఇందులో ‘వారే’ అన్న మాటను నేను కావాలనే ఎంచుకున్నాను. ‘ఇతడే’, ‘ఈమే’ అని రాయాలంటే ప్రతిచోటా ఆడో మగో చూసుకోవాలి; మన ఉత్తరాంధ్రలో సింహాచలం అన్న పేరు ఇద్దరికీ ఉంటుంది. ‘వారే’లో ఆ చిక్కు లేదు, పెద్దలకు ఇవ్వవలసిన మర్యాదా ఉంది. పేరుకు విభక్తి తగిలించకుండా విడిగా ఉంచితే, ఒకే వాక్యం ఏ పేరు కిందనైనా మార్పు లేకుండా సరిపోతుంది.

‘పేరు మళ్ళీ వచ్చింది’ అని మాత్రం రాయకండి. తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ఉన్న ఇళ్ళలో మూడు తరాల్లో ఇద్దరు అప్పలరాజులు ఉండడం మామూలే. మళ్ళీ వచ్చింది పేరా, మనిషా అన్నది చదివేవారికి తెలియాలి. అలాంటి మనవడి దగ్గర ‘సంఖ్య 4 వారి పేరే, వ్యక్తి వేరు’ అని రాయవచ్చు. ‘సంఖ్య 4 చూడండి’ అన్నదీ చాలదు, ఎందుకు చూడాలో అది చెప్పదు.

మా బంధువుల గృహప్రవేశంలో గోడకు అంటించిన వంశవృక్షం మీద ఒక పెద్దావిడ వేలు పెట్టి, ‘మా నాన్న ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు, రెండో పెళ్ళి అనుకుంటారేమో బాబూ’ అని బాధపడ్డారు. రెండో చోట ఉన్నది ‘రిపీట్’ అన్న ఒక్క మాటే. బంధుత్వపు దారులు రెండూ రాయమని నేను పట్టుబట్టేది ఆవిడ ముఖం గుర్తుండబట్టే.

తాతగారి వెనుక తరాలను 4 దగ్గరే పూర్తిగా ఇచ్చి, 14 దగ్గర కొమ్మను ఆపేయండి. గ్రాంప్స్ వివరణాత్మక పూర్వీకుల నివేదికలో, రెండోసారి వచ్చినవారిని వదిలేసే ఆప్షన్ ఉంది. అది పెట్టే ఇంగ్లిష్ వాక్యాన్ని ఆ నివేదిక ఫైలు తెరిచి పై తెలుగు వాక్యంతో మార్చుకోండి. నాన్నగారి తల్లి కూడా 5, 15 స్థానాల్లో ఇలాగే రెండుసార్లు వస్తారు. 15 దగ్గర ఆవిడకూ ‘సంఖ్య 5 వద్ద చూపిన వారే. నాన్నకు తల్లి, అమ్మమ్మకూ తల్లి’ అని రాయండి.